బంద్ రోజుల బౌలర్

మోకాలు వాచిన సంగతి చెబితే రేపటి పరుగు పందానికి పంపనని, మా ఆరేళ్ల పాప సాయంత్రమంతా నా దగ్గర దాచిపెట్టింది. ఐసు పెట్టి పడుకోబెట్టాను గానీ, నాకు నిద్ర పట్టక ఇలా రాస్తూ కూర్చుంటే చిన్న మామయ్య గుర్తొస్తున్నాడు.

మామయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, ఒక కంపెనీ జట్టులో ఫాస్ట్ బౌలర్. ఉద్యోగం కూడా ఆ ఆట వల్ల వచ్చిందే. భుజం నొప్పిని రెండేళ్లు ఎవరికీ తెలియనివ్వకుండా ఆడి, చివరికి చొక్కా తొడుక్కోవడానికి కూడా సాయం కావలసిన స్థితికి వచ్చాడు. కంపెనీవాళ్లు కొత్త బౌలర్లను వెతికే పని ఇచ్చారు. ఎంతకీ ఒక్కరూ దొరక్కపోయేసరికి, ఈసారి తేకపోతే గోడౌన్‌కు మారుస్తామన్నారు.

తెలంగాణ ఉద్యమం రోజులవి. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, బంద్ అంటే చైతన్యపురి నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డంతా ఖాళీ, ఇటుకలు నిలబెట్టి గల్లీకో జట్టు ఆడేది. ఇంటర్ కాలేజీ ఉండదు గనుక నేనూ మామయ్య పక్కన డివైడర్ మీద కూర్చునేదాన్ని. ఆయన వికెట్లు లెక్కపెట్టేవాడు కాదు, ఓవర్ అయ్యాక నీళ్ల సీసా ఏ చేత్తో ఎత్తుతారో చూసేవాడు. బంతి వేసిన చేతిని దాచుకుంటే నొప్పి ఉన్నట్టే. గడ్డిఅన్నారం పళ్ల మార్కెట్‌లో పెట్టెలు మోసే ఇరవయ్యేళ్ల కుర్రాడు ఆ రోడ్డు మీదే దొరికాడు.

"వీని బాల్ కనవడ్తలేదురా, సప్పుడే ఇనవడ్తుంది!" అని బ్యాటు పట్టినవాడు మొత్తుకుంటుంటే మామయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ సంబరంలో ఈసారి నీళ్ల సీసా సంగతి చూడనే లేదు.

సెలెక్షన్ రోజున అతను ఆరు బంతులు వేసేసరికి కుర్చీల్లోని పెద్దలు లేచి నిలబడ్డారు. జట్టులోకి తీసుకుంటే ఉద్యోగం ఖాయం. ఇంతలో ఎవరో నీళ్లు తెచ్చారు. కుడిచేత్తో బంతి వేసినవాడు సీసాను ఎడమ చేత్తో అందుకున్నాడు. మామయ్య నేరుగా పెద్దల దగ్గరికి వెళ్లి, అతని భుజం బాగాలేదు, ఈ ఏడు తీసుకోవద్దని చెప్పేశాడు.

"నోటికాడి బుక్క గుంజుకుంటివి గదనే అన్నా!"

"దవాఖానకు నేను తోల్కపోత తమ్మీ. వచ్చే ఏడు నేనే తెస్త నిన్ను."

"పెట్టెలు మోసేటోనికి నొప్పి లేకుంటెట్లుంటదే?" అని అతను వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

మామయ్య గోడౌన్‌కు వెళ్లాడు. ఆ కుర్రాడి ఉద్యోగం పోగొట్టాడని నేను నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. మామయ్య ఎన్నిసార్లు వెళ్లి అడిగినా అతను మార్కెట్‌లో మళ్లీ కనిపించలేదు.

తర్వాత రాష్ట్రం వచ్చింది, ఆ రోడ్డు మీద మెట్రో వచ్చింది, మార్కెట్టే అక్కడి నుంచి పెద్ద అంబర్‌పేట్ అవతలికి వెళ్లిపోయింది. ఇటుకలు నిలబెట్టేంత ఖాళీ రోడ్డు మన పిల్లలకు ఇక దొరకదు. మామయ్య మాత్రం, పెద్ద అంబర్‌పేట్ వైపు నా బండి వెనక కూర్చుని వస్తూ, ఎక్కడైనా పళ్ల లారీ ఆగి ఉంటే చాలు, జర మెల్లగ పోనియ్యమ్మా అంటాడు. సరుకు దించేవాళ్ల మొహాలు ఒక్కొక్కటీ చూస్తాడు. నేను బండి ఇంకా నెమ్మది చేస్తాను.