తొట్టి కింద అక్షింత

దగ్గరగా జరగండి. గడప మీద కాదు, లోపలికొచ్చి చాప మీద కూర్చోండి. గొంతు పెంచి చెప్పే సంగతి కాదిది. మధ్యలో ఆగిపోతే తొందరపెట్టకండి. ఆగిపోయానంటే తప్పించుకునే దారి వెతుక్కుంటున్నానని అర్థం.

ఏళ్ల తరబడి ఒక గింజను మోస్తున్నాను. బియ్యపు గింజ. మిర్చి టిక్కీ బస్తాలు మోసే ముఠా కూలీకైనా పొద్దుగూకేసరికి భుజం మీది బరువు దిగుతుంది. నాది దిగలేదు.

నాకు చదువు లేదు, జ్ఞాపకం ఉంది. ఎవరి పెళ్లిలో ఏ కూర మాడిందో, ఏ ఏడు ఎవరి పత్తికి పురుగు పట్టిందో సత్తెనపల్లిలో మా వీధివాళ్లు నన్నే అడుగుతారు. అటువంటి దాన్ని ఒకనాడు ఒక మనిషి ముఖం మీద ‘గుర్తులేదు’ అన్నాను. ఆ మాట గురించే మీకు చెప్పాలి.

మిర్చికి మంచి ధర పలికిన ఏడు మా ఆయన హాల్లోకి ఆరడుగుల చేపల తొట్టి కొన్నారు. మెయిన్ రోడ్డు మీద దావీదు, యోహాను అని అన్నదమ్ములకు చేపల కొట్టు ఉండేది. బేరం అన్న దావీదుది, పని తమ్ముడు యోహానుది. నీళ్లున్న చోటు ఈశాన్యమే కావాలని మా ఆయన పట్టుబడితే ఆ మూలనే బిగించారు. బిగించే రోజున నేను గోంగూర ఒలుచుకుంటూ పక్కనే కూర్చున్నాను. యోహాను స్టాండు చెక్క మీద తెల్లటి థర్మాకోల్ పరిచి, ముడత లేకుండా అరచేత్తో నిమిరాడు.

“ఏంటబ్బాయ్ అది, ఫ్రిజ్జు డబ్బాలోదా?” అన్నాను.

“గాజుకి పరుపక్కా. కటిక చెక్క మీద పడుకోమంటే మీరు పడుకుంటారా?”

“మీ బావగారి పక్కన పరుపేసినా నిద్రపట్టదు, ఆ గురక్కి.”

నవ్వలేక చచ్చాడు. ఆ మధ్యాహ్నం మా ఇంట్లోనే గోంగూర పచ్చడితో అన్నం తిన్నాడు, రెండుసార్లు అడిగి వేయించుకుని. వెళ్లేటప్పుడు దావీదు గ్యారంటీ మాట చెప్పాడు. అయిదేళ్లలో ఏం జరిగినా తొట్టి మార్చి ఇస్తాడట. షరతు ఒక్కటే: జరపాలంటే తమనే పిలవాలి. వేరేవాళ్లు జరిపితే గ్యారంటీ పోతుంది. మా ఆయన నాకేసి చూసి, “విన్నావుగా” అన్నారు. విన్నాను.

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం. ఏటా దేవుడి గదిలోనే చేసేదాన్ని. ఆ ఏడు హాల్లో చేయాలనిపించింది. ఎందుకు? అమ్మవారి మీద భక్తి హఠాత్తుగా పెరిగిందా? లేదండీ. పేరంటానికి వచ్చిన ఆడవాళ్లు నా కొత్త హాలంతా కూర్చుని నా కలశాన్ని చూడాలి. అంతే. కలశం ఈశాన్యంలో పెట్టాలి. ఈశాన్యంలో తొట్టి ఉంది. మా ఆయన మిరపనారు కోసం వినుకొండ వైపు వెళ్లి ఉన్నారు.

ఫోను చేతిలోనే ఉంది. దావీదును పిలవచ్చు. పిలిస్తే మా ఆయనకు తెలుస్తుంది. దేవుడి గది ఉండగా ఈ డాబేమిటంటారు. అందుకని కోల్డ్ స్టోరేజీ దగ్గరున్న ముఠావాళ్లను నలుగుర్ని పిలిపించాను. నీళ్లు తోడి, చేపలు బతికేంత మాత్రం అడుగున ఉంచి, కింద గోనెపట్టలు దోపి, బస్తాను ఎత్తినట్టు ఎత్తి పక్కన దుప్పటి మీద దించారు. థర్మాకోల్ సగం గాజుకు అంటుకుని సగం చెక్క మీద ముక్కలైంది. తడిసిన మరమరాల్లా రాలింది. గాజుకు అంటినది వాళ్లతో గీకించి, అంతా నేనే చీపురు పట్టి ఊడ్చాను. గాజుకి పరుపక్కా అన్న మాట చెవిలో ఉంది. అయినా ఊడ్చాను.

ఆ స్టాండు మీదే కొత్త రవికెగుడ్డ పరిచి కలశం పెట్టాను. ఎంత బాగా కుదిరిందో! ఆడవాళ్లు మెచ్చుకున్నారు. నా పొంగు ఏం చెప్పను. మర్నాడు ముఠావాళ్లు తొట్టిని ఎత్తి యథాస్థానంలో పెట్టారు. చెక్కను తుడవలేదు. కొత్త పరుపు తెప్పించలేదు. నీళ్లు నింపాను. చేపలు ఈదాయి. ఏమైంది, ఏమీ కాలేదుగా అనుకున్నాను.

వ్రతం నాడు కట్టుకున్న తోరం చేతికి ఉండగానే, ఒక మధ్యాహ్నం పప్పు తాలింపు వేస్తుంటే హాల్లో కొబ్బరికాయ పగిలిన చప్పుడైంది. పరుగెత్తేసరికి నీళ్లు నా పాదాల మీదికి వచ్చేశాయి. సోఫా కింద, గుమ్మం దగ్గర చేపలు కొట్టుకుంటున్నాయి. బిందెలోకి ఎత్తగలిగినన్ని ఎత్తాను.

మా ఆయన వచ్చి చూసి చొక్కా కూడా మార్చుకోకుండా కొట్టుకు వెళ్లారు. పదిమందిలో నిలబడి, గాజు తొట్టి అమ్మారా కుండపెంకు అమ్మారా అని అరిచారు. మా ఇంటి మనుషులు అబద్ధమాడరని తన పరువును అక్కడ పణంగా పెట్టారు. తిరిగొచ్చాక అడిగారు, “నువ్వేం కదపలేదుగా?” అని. ఆయన అడగడం పూర్తికాకముందే ‘లేదు’ అనేశాను. మొదటి అబద్ధం అలా తాలింపులో ఆవగింజలా చిటపటమని వచ్చేసింది. తర్వాతవే నిదానంగా, తెలిసి ఆడాను.

సాయంత్రం అన్నదమ్ములిద్దరూ వచ్చారు. పగిలిన గాజు తీసేశారు. దావీదు మోకాళ్ల మీద కూర్చుని చెక్కను తడిమి చూస్తున్నాడు. నేను గుడ్డతో నీళ్లు ఒత్తుతున్నాను. అప్పుడు కనపడింది. చెక్కకు అంటుకుని, పసుపుపచ్చగా, ఒక అక్షింత.

వ్రతం నాటిది. తొట్టి కిందికి అది ఎలా వెళుతుంది, తొట్టిని ఎత్తితే తప్ప?

తీశాను. దాచడానికి చోటు లేదు. నోట్లో వేసుకుని నాలుక కింద పెట్టుకున్నాను.

“థర్మాకోల్ ఏదిరా?” అన్నాడు దావీదు.

“వేశానన్నా.”

“ఏస్తే ఏదీ? చేపలు తిన్నాయా?” నా వైపు తిరిగాడు. “అక్కా, నిజం చెప్పండి. తొట్టి ఎవరైనా కదిలించారా?”

మా ఆయన నన్నే చూస్తున్నారు. చేతికి తోరం ఉంది. ఆ చెయ్యే ఎత్తి, “అమ్మవారి తోరం సాక్షి తమ్ముడూ, అంగుళం కదల్లేదు” అన్నాను.

“విన్నావా? ఆమె ఒట్టు పెట్టింది. నువ్వూ పెట్టరా చూద్దాం” అన్నాడు దావీదు తమ్ముడితో.

“అమ్మ మనల్ని ఒట్లు పెట్టొద్దని పెంచిందిగా అన్నా. వేశానని చెబుతున్నా. నా మాట చాలదా?”

“పెట్టవు. పెడితే బయటపడతావని పెట్టవు.”

యోహాను నా వైపు తిరిగాడు. కోపంగా కాదు. నన్ను చూడగానే ధైర్యం వచ్చినవాడిలా చూశాడు. “అక్కా, నేను పరుస్తుంటే మీరు పక్కనే ఉన్నారుగా. గోంగూర ఒలుస్తా ఉన్నారు. గాజుకి పరుపని చెప్పాను. మీరు నవ్వించారు కూడా. అన్నకు చెప్పండక్కా.”

గింజ మింగాను. “నాకు గుర్తులేదు నాయనా” అన్నాను.

వాడి ముఖం నేను మర్చిపోలేదు. మర్చిపోవడం నాకు చేతకాదు కదా. వాడికి ఆ క్షణమే తెలిసిపోయిందనుకుంటాను. నన్ను అబద్ధాలకోరు అనలేదు. తిన్న అన్నం అడ్డొచ్చిందో ఏమో. గుమ్మం దగ్గర అన్న కోసం ఆగాడు. దావీదు వాడివైపు చూడలేదు.

గ్యారంటీ ప్రకారం కొత్త తొట్టి వచ్చింది. యోహాను రాలేదు. కొట్టులోంచి విడిపోయి, ఇప్పుడు వినుకొండలో కిటికీలకు అద్దాలు బిగిస్తున్నాడు. వాళ్లమ్మ పోయినప్పుడు కూడా సమాధి దగ్గర అన్న ఒక వైపు, తమ్ముడు ఒక వైపు నిలబడ్డారట. చూసినవాళ్లు వచ్చి చెప్పారు. నాకే చెప్పారు, ఇటువంటివి గుర్తుపెట్టుకునేది నేనే కదా.

ఇంకా విననిది ఉంది. ప్రతి క్రిస్మస్‌కూ దావీదు కేకు పట్టుకుని మా ఇంటికి వస్తాడు. ఒకసారి అన్నాడు, “నా తోడబుట్టినోడు మోసం చేశాడక్కా. పరాయివాళ్లయినా మీరు నిజం చెప్పారు.” ఆ కేకు తిన్నాను. తినకపోతే ఎందుకంటాడని. ఆ మోసం చేసిన మనిషి కేకు కోసుకుంటూ ఎదురుగా కూర్చుందని అతనికి తెలియదు. ఒక్క మాటతో ఇద్దరికీ ద్రోహం చేశాను. తమ్ముడికి తెలిసి బాధ. అన్నకు తెలియక బాధ. ఏది పెద్దదో తూచలేక చాలాసార్లు పొయ్యి మీద పాలు పొంగించాను.

పిల్లలా భయపడ్డానా? మా ఆయన పరువు కోసమా? తొట్టి ఊరికే మారుతుందనా? అన్నీ వేసి చూసుకున్నాను. ఏదీ సరిపోలేదు. ఆ కుర్రాడు నన్ను నమ్మాడు. నమ్మినవాణ్ణి ముంచడం తేలిక, వాడు చెయ్యి అడ్డం పెట్టుకోడు. నాకు దొరికిన జవాబు ఇంతే.

రేపు వెళ్లి దావీదుకు చెబుతానని మీకు మాట ఇవ్వను. నాకు నేను ఇచ్చుకుని తప్పిన మాటే అది. మీరు నన్ను ఊరడించకండి కూడా. అందుకు చెప్పలేదు. గుర్తుంది అని ఒక్కరి ముందైనా అనాలి. గుర్తుంది. వేశాడు. తెల్లటిది, ముడత లేకుండా, అరచేత్తో నిమిరి మరీ వేశాడు. నేను చూశాను.

అదిగో, అన్నాను. గొంతులో ఏదో కాస్త జారింది.

ఇక వెళ్లి రండి. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంటి అన్నదమ్ములు ఒకే పళ్లెంలో చేతులు పెట్టుకుని తినాలి. మీ ఇంట చల్లిన అక్షింతలన్నీ మీ తలల మీదే నిలవాలి. ఒక్కటి కూడా ఎవరి నాలుక కిందికీ చేరకూడదు.