వెలుగు వెంట తిరిగిన బీరువా

ముందుగా రాష్ట్రంలోని ఇంటీరియర్ డిజైనర్లందరికీ, వాళ్ల గురువులకీ, ఆ గురువుల సోఫాలకీ తలవంచి క్షమాపణ చెప్పుకుంటున్నాను. చిన్న చిన్న మార్పులతో ఇంటిని రాజమహలు చేసే రహస్యాలన్నీ ఇప్పుడు బయటపెట్టబోతున్నాను. రేపు మీ వ్యాపారాలు ఏమైనా అయితే ఆ పాపం నాది కాదు... మా అమ్మది.

మా చిన్నప్పుడు... బద్వేలు దగ్గర పల్లెలో మాది మట్టిమిద్దె. కిటికీ లేదు. పైకప్పులో పళ్లెమంత రంధ్రం ఒకటి ఉండేది, దాన్ని గవాక్షి అనేవాళ్లం. సూర్యుడు మా ఇంట్లోకి రావాలంటే అదొక్కటే దారి. పగటిపూట కరెంటు చుట్టంలా వచ్చేది... కాళ్లు కడుక్కునేలోపే వెళ్లిపోయేది.

ఇంట్లో అన్నిటికన్నా చీకటి మూలలో మా అవ్వ మంచం. అవ్వంటే నాయన వాళ్లమ్మ. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టేది. కళ్లు మసకబారాక సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలవాల్సి వచ్చేది. అది ఆమెకు ఎంత నామోషీ అంటే... ఎక్కించి ఇచ్చిన ప్రతిసారీ నాకు ఒక తిట్టు ముట్టేది.

ఒకరోజు సూది పక్కన పెట్టేసి ప్రకటించింది.

"ఈ ఇంట్లో నాకు పగలూ రాత్రీ ఒకటే. చిన్నోనింట్లో ఈపక్కొక కిటికీ, ఆపక్కొక కిటికీ ఉండాది. ఆదివారం రమ్మని చెప్పినా. వానెంబడి పోతా."

చిన్నోడంటే మా చిన్నాయన. బద్వేలులో కొత్తగా స్లాబు ఇల్లు కట్టాడు. అమ్మ ముఖం మాడిపోయింది. అవ్వకూ అమ్మకూ రోజూ యుద్ధమే... అయినా ఆ యుద్ధాన్ని తోడికోడలి ఇంటికి పంపడం అమ్మకు ఇష్టం లేదు.

"నాలుగు దినాలు ఉండి వస్తాదిలే," అన్నాడు నాయన.

"నాలుగు దినాలకు పోయే మనిషి ట్రంకుపెట్టె సర్దుకుంటాదా?" అంది అమ్మ.

మర్నాటి నుంచే మా ఇంట అలంకరణ యుగం మొదలైంది. మొదట గోడలకు సున్నం.

"గోడలకు బాగనే కొట్టినావు మే. అట్లే నా కండ్లకూ రొంత కొట్టు," అంది అవ్వ.

తర్వాత అమ్మ స్టీలు గిన్నెలన్నీ బూడిదతో తోమి గూట్లో వరసగా బోర్లించింది. నాపరాళ్ల నేలను తడిగుడ్డతో రుద్ది రుద్ది నల్లగా మెరిపించింది. చివరికి తన పెళ్లి చీర మడతపెట్టి వాకిలికి పరదాగా కట్టింది. నిజంగానే జమీందారుల ఇల్లులా ఉంది... కానీ ఉన్న కాస్త వెలుతురూ పోయింది.

"ఉండే ఒక్క వాకిలికీ గుడ్డ కడితివా? పెట్టెలో పండుకున్నట్టే ఉండాది తల్లీ."

పరదా ఊడింది. అవ్వ ట్రంకుపెట్టెలోకి ఇంకో రెండు చీరలు చేరాయి.

శనివారం పొద్దున అమ్మ కన్ను బీరువా మీద పడింది. నిలువుటద్దం బీరువా. దాన్ని వాకిలికి ఎదురుగా పెడితే ఇల్లు రెండింతలు కనిపిస్తుందని అమ్మ లెక్క. కాళ్ల కింద గోనెపట్టా వేసి, నాయన ముందు నుంచి లాగుతూ, నేను వెనక నుంచి ఊరికే మూలుగుతూ... బీరువా నడిమధ్యకు చేరింది.

అప్పుడు గవాక్షిలోంచి దిగిన ఎండ అద్దానికి తగిలి, ఎగిరి, నేరుగా అవ్వ ముఖాన పడింది.

"ఎవుర్రా అది, కండ్లల్లో కొడ్తాండేది?"

అమ్మ బీరువాను జానెడు పక్కకు తిప్పింది. వెలుగు అవ్వ ముఖం మీద నుంచి జారి, మెడ దిగి, ఒడిలో కూర్చుంది. అవ్వ సూది ఎత్తి పట్టుకుంది. దారం కొన నాలుకతో తడిపింది. తప్పింది... మళ్లీ తప్పింది... ఎక్కింది.

నన్ను పిలవలేదు.

పెద్దింటివాళ్లయితే ఇలాంటప్పుడు కౌగిలించుకుంటారేమో. మా ఇంట్లో అవ్వ, "బీరువా ఆడ దారికి అడ్డం గదా," అంది. అమ్మ, "అడ్డమైతే సుట్టు తిరిగి పో అత్తా," అంది. అంతే.

ఇక్కడొక చిక్కు. సూర్యుడు ఒకచోట నిలవడు. వెలుగు జరిగినప్పుడల్లా బీరువా జరగాలి. బడి నుంచి వచ్చేసరికి అది ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు. నా చొక్కా కోసం రోజూ ఇల్లంతా వెతికేవాణ్ని... చొక్కాను కాదు, బీరువాను.

బీరువా జరిపిన మర్నాడే, ఆదివారం చర్చి అయ్యాక, చిన్నాయన ఆటోతో వచ్చాడు.

"పా మా, ఆటో నిలబడుండాది."

అవ్వ ఒడిలో వెలుగు ఉంది. తల ఎత్తలేదు.

"ఈ బొంత అయినాంక వస్తా పోరా."

ఆ బొంత ఎప్పటికీ కాలేదు. ఒక పొర అయితే ఇంకో చీర పరిచేది. ఉన్నన్నాళ్లూ కుడుతూనే ఉంది. చివరికి అది మడత పడనంత మందమైంది.

ఇప్పుడు నేను కర్నూలులో అద్దె గదిలో ఉంటున్నాను. కిటికీలు రెండు. ఫోన్లో ఇల్లు సర్దే వీడియోలు చూసి చూసి కాలు నిలవడం లేదు. మంచం అటు, టేబులు ఇటు... మళ్లీ మంచం ఇటు. కింద ఉండే ఓనరు పైకొచ్చి, "ఏమప్పా, రోడ్డు రోలరు తోల్తాండావా?" అన్నాడు. అయినా ఏదో తక్కువైనట్టే ఉంది.

నిన్న వీడియో కాల్‌లో అమ్మకు గది చూపించాను. కిటికీ ఎదురుగా అద్దం, అద్దం నుంచి ఎగిరి మూలన కుర్చీ మీద పడుతున్న ఎండ. ఆ కుర్చీ మీద వారం నాటి మాసిన బట్టల గుట్ట.

అమ్మ కాసేపు చూసింది.

"వెలుగు బాగనే పడ్తాండాదిరా. కూచునేదానికే తావు ల్యా."

మీ ఇంట్లో వెలుగు ఎక్కడ పడేది... అక్కడ ఎవరు కూర్చునేవాళ్లు? కింద రాయండి.

ఇక రహస్యాల సంగతి. పరదాలు కొనలేదు. మంచం, టేబులు తిరిగి తిరిగి పాత చోటికే చేరాయి. ఆ అద్దం కూడా నాకు ముందు అద్దెకున్నవాళ్లు వదిలేసిందే. నిజంగా నేను చేసింది ఒక్కటే...

కుర్చీ మీది బట్టలు తీశాను.