లాభం, రెండు, మూడు

నా చిన్నప్పుడు మా తమ్ముణ్ణి బడినుంచి వెళ్ళగొట్టడానికి హెడ్మాస్టరుకు కావలసిన సాక్ష్యం ఇచ్చింది నేనే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. నాకు పదేళ్ళు, ఐదో తరగతి. ఆయన రాసిన ఒకే ఒక్క వాక్యం కింద, అప్పుడే నేర్చుకున్న గొలుసుకట్టు రాతలో, ముచ్చటగా సంతకం పెట్టాను. ఇన్నేళ్ళయినా ఆ కాగితం గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మాది మైదుకూరు. మా అవ్వ, అంటే నాన్నను కన్నతల్లి, బజారులో కొర్రలు, సజ్జలు, కందులు అమ్మే అంగడి నడిపేది. కాటా ఉన్నా, పల్లెల నుంచి వచ్చే పాతవాళ్ళకు పడి అనే ఇనప కొలపాత్రతోనే కొలిచిపోసేది. కొలిచేటప్పుడు మొదటి పడిని ఒకటి అనేది కాదు, లాభం అనేది. మా వైపు అంగళ్ళలోనూ కళ్ళాల్లోనూ అందరూ అంతే, కొలత మంచి మాటతో మొదలుకావాలని. లాభం, రెండు, మూడు, నాలుగు... అలా పాటలాగా సాగిపోయేది అవ్వ గొంతు.

తమ్ముడు నాకంటే మూడేళ్ళు చిన్న. నాలుగేళ్ళు నిండేదాకా వాడికి మాటలు రాలేదు. వీధిలో లారీ హారన్ కొడితే చెవులు మూసుకుని తల గోడకేసి కొట్టుకునేవాడు. రోజూ తినే పళ్ళెం మారిస్తే ఇల్లు పీకి పందిరేసేవాడు. దర్గాలో తాయెత్తు కట్టించారు, గుడిలో దారం కట్టించారు. కడపలో ఒక డాక్టరు ఏదో జబ్బు పేరు చెప్పాడు గానీ మా ఇంట్లో ఎవరికీ ఆ పేరు నోరు తిరగలేదు. ఊరివాళ్ళకు ఆ ఇబ్బంది లేదు, వాళ్ళు మొండి అనేశారు, పొగరు అనేశారు, పెంపకం అనేశారు. వాడు నెమ్మదించేది ఒక్కచోటే, అంగట్లో అవ్వ పక్కన. పడి నిండా కొర్రలు ముంచి, పైన అరచేత్తో సమంగా తుడిచి, సంచిలో పోస్తూ అవ్వతో పాటు లెక్కపెట్టేవాడు. వాడికి అంకెలు వచ్చింది అక్కడే. కాబట్టి వాడి లెక్కలో మొదటిది ఎప్పటికీ లాభమే.

ఆరోజు పొద్దున ప్రార్థన అయ్యాక డ్రిల్లు మాస్టరు పిల్లల్ని వరసగా నిలబెట్టి అంకెలు చెప్పమన్నాడు. రెండో తరగతిలో పొట్టివాడు మా తమ్ముడే, వరసలో వాడే ముందు. "లాభం" అన్నాడు గట్టిగా. బడి మొత్తం గొల్లుమంది. మాస్టరు మళ్ళీ చెప్పమన్నాడు. వాడు మళ్ళీ అదే చెప్పాడు. వాడి దృష్టిలో వాడు సరిగ్గానే చెబుతున్నాడు. వెనకనుంచి పిల్లలు "లాభం శెట్టీ, లాభం శెట్టీ" అని అరుస్తున్నారు. తనను ఎగతాళి చేస్తున్నాడనుకున్నాడు మాస్టరు. ఒక చేత్తో వాడి చెవి మెలిపెట్టి, రెండో చేత్తో విజిల్ ఆ చెవి దగ్గరే పెట్టి ఊదాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారికి తమ్ముడు ఆయన మణికట్టు కరిచి పట్టుకున్నాడు. విజిల్ తాడు తెగింది, రక్తం కారింది. నలుగురు కలిసి విడిపిస్తే గానీ వదలలేదు.

నన్ను ఆఫీసు గదికి పిలిపించారు. హెడ్మాస్టరు అడిగింది ఒక్కటే ప్రశ్న, మీ తమ్ముడు సారును కరిచాడా లేదా అని. కరిచాడు సార్ అన్నాను. ఆ ముక్కే రాసి సంతకం పెట్టమన్నాడు. పెద్ద మనిషి, పది పుస్తకాలు చదివినవాడు, పదేళ్ళ పిల్లతో సగం నిజం రాయించుకున్నాడు. టీసీ ఇచ్చేస్తాం, వచ్చి తీసుకుపొమ్మని నాన్నకు కబురు చేశాడు.

ఇంట్లో నాన్న తల ఎత్తలేదు. బజారులో పరువు పోయిందన్నదే ఆయన బాధ. అమ్మ నోరు తెరిస్తే ఏడుపే వచ్చేది. తమ్ముడు మాత్రం మరుసటి రోజు ఎనిమిదింటికి సంచీ తగిలించుకుని గడపలో నిలబడి "బడి" అన్నాడు. సాయంత్రం దాకా అనుకుంటూనే ఉన్నాడు. వాడికి బడి ఇష్టమన్న సంగతి మాలో ఎవరమూ అప్పటిదాకా గమనించలేదు.

అప్పుడు అవ్వ నన్ను అంగట్లోకి పిలిచి కూర్చోబెట్టింది.

"కరిచినాడు, సరే. దానికి ముందర ఏమాయ?"

విజిల్ ఊదాడని చెప్పాను.

"దానికి ముందర?"

చెవి మెలిపెట్టాడని, పిల్లలు ఎక్కిరించారని చెప్పాను.

"దానికి ముందర?"

నేను కూడా నవ్వానని చెప్పాను. అవ్వ తిట్టలేదు, కొట్టలేదు. నా ముఖం వైపు చూడకుండా సంచిలో కొర్రలు పోసుకుంది. తిట్టినా బాగుండేది.

మరుసటి రోజు నాన్నతో పాటు బడికి అవ్వా వచ్చింది. నన్నూ రమ్మంది. నా చేతిలో పడి, ఆటోలో కొర్రల మూట. ఆఫీసు గదిలో డ్రిల్లు మాస్టరు చేతికి కట్టుతో కూర్చుని ఉన్నాడు. మేజా మీద టీసీ, పక్కన తాడు తెగిన విజిల్, నా సంతకం ఉన్న కాగితం. నాన్న అప్పటికే పెన్ను తీశాడు.

అవ్వ మూట దింపించి, హెడ్మాస్టరుతో శానా మర్యాదగా మాట్లాడింది. "అయ్యవారూ, ఈ గింజలు పోతాపోతా ఒగరికి ఇచ్చిపోవల్ల. నాకు కండ్లు సరిగ్గ ఆనవు. పది పడులు కొలిచి ఈ సంచిలో పోస్తారా? అంతలో నా కొడుకు సంతకం పెడతాడు."

ఆయన సేద్యగాళ్ళ ఇంటి బిడ్డ. సంతకం పడుతుందన్న సంతోషం కూడా ఉన్నట్టుంది. నవ్వుకుంటూ చొక్కా చేతులు మడిచి, గొంతుక్కూర్చుని, పడి ముంచి, పైన అరచేత్తో తుడిచి సంచిలో పోశాడు.

"లాభం" అన్నాడు.

డ్రిల్లు మాస్టరు తన కట్టు వైపు చూసుకున్నాడు.

"మళ్ళా చెప్పు అయ్యవారూ, ఇనపల్లే" అంది అవ్వ. కోపం వస్తే ఆమెకు మీరు పోయి నువ్వు వచ్చేసేది.

ఆయన ముఖం ఎర్రబడింది. రెండు, మూడు అని గబగబా పోశాడు. నాలుగో పడి ఎత్తుతుండగా అవ్వ మేజా మీది విజిల్ తీసి, వంగి, ఆయన చెవి పక్కనే పెట్టి ఊపిరంతా కూడగట్టి ఊదింది. పడి ఎగిరిపోయింది. కొర్రలు గదంతా చిమ్మాయి. ఆయన ఒక్క ఉదుటున లేచి, "మతి పోయిందేమే ముసల్దానా!" అంటూ చెయ్యెత్తాడు.

చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. అవ్వ వెనక్కి జరగలేదు.

"ఒగసారి ఊదితే నామీద చెయ్యి లేపితివి. నీకు యాభై ఏండ్లు, బడికి పెద్దవు. వానికి ఏడేండ్లు, మూడుసార్లు ఊదినారు. వాడు చెప్పిన మాటే ఇప్పుడు నువ్వూ చెప్తివి. నీ చెవి ఎవురు మెలిపెట్టాల?"

ఏం మాట్లాడాలో నాకు ముందుగా ఎవరూ నేర్పలేదు. అవ్వ నా వైపు చూసింది, అంతే. నేను మేజా దగ్గరికి పోయి, "సార్, నేను సగమే చెప్పినా. ముందరిది మీరు అడగల్యా, నేను చెప్పల్యా" అన్నాను. చెవి, విజిల్, ఎక్కిరింపు, అన్నీ చెప్పాను. చివర్లో నేనూ నవ్వినా సార్ అన్నాను. అది విని నాన్న పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. సరే, ఈ ఏడాదికి చూద్దాం అన్నాడు హెడ్మాస్టరు. "చూద్దాం కాదు, మాట చెప్పు" అని అవ్వ అక్కడే నిలబడింది. వాడి దగ్గర విజిల్ ఊదకూడదు, వాడు వరసలో చివర నిలబడాలి, గోల ఎక్కువై బయటికి పోతే పట్టి లాగకుండా వరండాలో కూర్చోనివ్వాలి. మూడింటికీ ఆయన చేత ఔననిపించింది. క్షమించమని మాత్రం ఎవరూ అనలేదు. నేను కొర్రలు ఎత్తబోతే అవ్వ వద్దంది.

"ఉండనీ. ఊడ్చేటప్పుడన్నా గుర్తుంటాది."

ఆ తర్వాత అంతా సుఖంగా ఏమీ గడవలేదు. తమ్ముడు మళ్ళీ కరిచాడు, పలకలు పగలగొట్టాడు, రెండుసార్లు గేటు దూకి అంగడికి పరుగెత్తుకొచ్చాడు. కబురు వచ్చిన ప్రతిసారీ అవ్వ చీర దులుపుకుని బడికి పోయేది. పదో తరగతి దాకా వాడు అక్కడే చదివాడు. ఇప్పుడు అంగడి వాడిదే. అవ్వ లేదు. చెవుల్లో దూది పెట్టుకుని పడి ముంచుతాడు, లెక్క ఎన్నడూ తప్పడు.

నేను టీచరునయ్యాను. పిల్లవాడు కొట్టాడు, కరిచాడు, వీణ్ణి ఈ బడిలో ఉంచలేం అని ఇప్పటికీ కాగితాలు వస్తూనే ఉంటాయి, సంతకాల కోసం. దానికి ముందర ఏమైందని అడుగుతాను. చెప్పాక మళ్ళీ అడుగుతాను. మా స్టాఫు రూములో నాకు గయ్యాళి అని పేరు, పడనీ. ఆరోజు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నానని తమ్ముడికి తెలుసు. ఎప్పుడైనా ఆ మాట ఎత్తితే, పోనీలేక్కా అంటాడు. వాడు పోనిచ్చాడు. నేను పోనివ్వను.