బాపు డబ్బాలో మిగిలింది

నిన్న సాయంత్రం మా చిన్నది బడి నుంచి తెచ్చిన డబ్బా మూత తీశాను. పొద్దున పెట్టిన రొట్టెలూ బీరకాయ కూరా పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ కోపం కంటే ముందు వాసన వచ్చింది: వేడివేడిగా మూతపెట్టిన కూర సాయంత్రానికి చల్లారి, చెమటపట్టి, స్టీలు వాసనతో కలిసిపోయి వచ్చే వాసన. అందులో ఒక్క యంత్రాల నూనె వాసనే తక్కువ. అది కూడా ఉంటే, సూరత్ ఉధ్నాలో, వరసగా గదులుండే మా పాత చాల్ మెట్ల మీద ఆరేళ్ల పిల్లనై కూర్చునేదాన్ని.

సిరిసిల్ల నుంచి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి సూరత్ వచ్చిన కుటుంబం మాది. బాపు, మా నాన్న, కార్ఖానాలో పగటి షిఫ్టు చేసేవాడు. అమ్మ ఇంట్లో కూర్చుని చీరలకు మెరుపు రాళ్లు అంటించేది. పక్క సందులోని సాంచాల చప్పుడుకు మా గోడ మీది గిన్నెలు సన్నగా మోగుతుంటే, ఖాళీ దారపు కండెలతో కోటలు కట్టుకుంటూ, చలికాలంలో లేత జొన్నగింజల పోంక్ మీద సన్నకారప్పూస చల్లి అమ్మే బండ్ల వెంట తిరుగుతూ, ఉత్తరాయణ్‌కు గాలిపటాల దారంతో వేళ్లు కోసుకుంటూ పెరిగాను. అన్నీ వచ్చాయి గానీ, తినడం మాత్రం నాకు చేతకాలేదు.

పప్పులో జీలకర్ర కనిపిస్తే వద్దు, పెరుగు మీద మీగడ ఉంటే వద్దు, అన్నానికి కూర తగిలితే ఆ పక్కంతా వద్దు. నోట్లో పెట్టిన ముద్దను బుగ్గన దాచుకుని, అమ్మ ఒక చీర కొంగు మొత్తానికి రాళ్లు అంటించేదాకా అట్లాగే కూర్చునేదాన్ని. అమ్మ బతిమాలింది, కథలు చెప్పింది, దిష్టి తీసింది, ఒకరోజు వీపు మీద ఒక్కటిచ్చి తనే ఏడ్చింది.

ఆ వానాకాలం అమ్మమ్మ సిరిసిల్ల నుంచి వచ్చి, నోట్లో ఆకువక్క నములుతూనే నా జబ్బను రెండు వేళ్లతో కొలిచి తీర్పు చెప్పేసింది.

"పోరికి ఈ ఊరి నీళ్లు పడ్తలేవు. బతుకమ్మ పండుగ దాంక సూస్త. గప్పటికి తినుడు నేర్వకుంటె నా ఎంబడి తోల్కపోత."

అమ్మ కాదనలేదు. బాపు లేని ఊళ్లో నేనెట్లా ఉండాలి? భయమైతే వేసింది గానీ, ఆకలి మాత్రం వేయలేదు.

అట్లాంటి రోజుల్లో ఒక సాయంత్రం బాపు జుట్టంతా దారపు నూగుతో వచ్చి, మెట్ల మీద కూర్చుని కాళ్లు పిసుక్కుంటున్నాడు. పక్కనున్న డబ్బా ఊరికే తెరిచాను. అడుగు గిన్నెలో సగం జొన్నరొట్టె, కాకరకాయ వేపుడు. ఇంట్లో కాకరకాయ పేరెత్తితేనే పారిపోయేదాన్ని. కానీ ఇది బాపుతో కార్ఖానాకు పోయి, సాంచాలన్నీ చూసి వచ్చిన కాకరకాయ. ఒక ముక్క తిన్నాను, ఇంకోటి తిన్నాను, గిన్నె ఖాళీ అయింది. బాపు నన్ను వింతగా చూశాడు.

"నీ కోసమే ఉంచిన బిడ్డా," అన్నాడు. మళ్లీ గొంతు తగ్గించి, "మీ అమ్మకు చెప్పకు."

ఇక రోజూ అదే పని. బీరకాయ, సొరకాయ, మెంతికూర. తనకిష్టమైన కూరలన్నీ బాపు నాకోసం నోరు కట్టుకుని మిగులుస్తున్నాడని ఎంత గర్వమో! మెట్ల మీద తిని, మూతి తుడుచుకుని, లోపలికి పోయి అమ్మ పెట్టిన పళ్లెం ముందు మళ్లీ బుగ్గన ముద్దతో కూర్చునేదాన్ని.

బతుకమ్మ పండగ రానే వచ్చింది. తంగేడు దొరకని ఊళ్లో బంతిపూలతోనే బతుకమ్మను పేర్చారు. వేయించిన నువ్వులు, చింతపండు పులుసు, బెల్లం కలిపిన మలీద ముద్దలు, ఇల్లంతా వాటి వాసనే. బాపుకు సెలవు. సెలవంటే డబ్బా లేదు. మధ్యాహ్నం అమ్మమ్మ నా ముందు పులిహోర, వంకాయ కూర పెట్టి ఎదురుగా కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి గానీ ముద్ద దిగదు. ఆమె లేచి నా గౌన్లు మడతపెట్టి సంచిలో సర్దడం మొదలుపెట్టింది.

అప్పుడు అమ్మ నా పళ్లెంలోవన్నీ బాపు డబ్బాలోకి ఎత్తి, మూత బిగించి, ఆయన చేతికిచ్చింది.

"జర కిందికి పొయ్యి రా."

బాపు దొరికిపోయిన దొంగలా డబ్బా అందుకున్నాడు. పండగ బట్టల్లో, చేతిలో డబ్బాతో గల్లీ చివరిదాకా నడుస్తుంటే, "ఏందన్నా, పండుగ పూట గూడ డ్యూటీయేనా?" అని దారిపొడవునా నవ్వులు. తిరిగొచ్చి రోజూ కూర్చునే మెట్టు మీదే కూర్చున్నాడు. అది నా పళ్లెంలోదేనని నాకు తెలుసు. అయినా బాపుతో వెళ్లి వచ్చింది కదా! మెతుకు మిగలకుండా తిన్నాను. మెట్ల పైన నిలబడి చూసిన అమ్మమ్మ, "గిదేం ఇచ్చంత్రమే తల్లీ!" అంటూ వెళ్లి సంచిలోంచి నా గౌన్లు తీసేసింది.

అసలు సంగతి నా పెళ్లయ్యాక తెలిసింది. బాపుకు ఆలుగడ్డ, కోడిగుడ్డు, తొక్కు తప్ప ఏ కూరా గొంతు దిగదట. మిగిలిస్తే అమ్మ తిడుతుందని భయమట. "కాకరకాయ గిన్నె ఖాళీగ వచ్చిన్నాడే నాకు సమజైంది, గంద్కే రోజు గసొంటియే పెట్టిన," అని అమ్మ నవ్వింది. అంత చక్కగా అబద్ధమాడిన బాపును, అంతా తెలిసీ ఏమీ ఎరగనట్టు రోజూ అవే కూరలు తరిగిన అమ్మను తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు నిండుతుంది.

ఆ చాల్ ఇప్పుడు లేదు. కార్ఖానా ఉన్న చోట గోదాం లేచింది. అమ్మ పోయి మూడేళ్లు. బాపు సూరత్‌లోనే, భేస్తాన్‌లో మాతో ఉంటాడు. నిన్న ఆ డబ్బా ఆయన చేతికిచ్చి, "జర కిందికి పొయ్యి రా బాపూ," అన్నాను. లిఫ్టు ఉన్నా మెట్లు దిగి, మెట్లే ఎక్కి, ఆయాసపడుతూ వచ్చాడు. మా చిన్నది మూత తీసి చూసింది.

"తాతా, యే తో మేరా హీ హై, ఇది నా డబ్బానే. నువ్వు ఊకెనే కిందికి పొయ్యొచ్చినవ్," అని మూత పెట్టేసింది.

బాపు నా వైపు తిరిగాడు.

"పోరి చెప్పింది నిజమే. రేపు పొద్దున నాకు డబ్బా కట్టు. ఉధ్నా పొయ్యి మా దోస్తుల కాడ కూసొని, పొద్దుగూకినంక వస్త."

ఏం కూర పెట్టమంటావని అడిగాను.

"కాకరకాయ పెట్టు బిడ్డా. గదైతె తప్పకుంట మిగుల్తది."