డబ్బాసామి అనని మాట

గురువమ్మాళ్‌కి హిందీ రాదు. ఈ సంగతి తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకరు ఆమె, రెండోవాడు ఆమె మొగుడు మాడసామి. అతనికి తెలిసినా తెలియకపోయినా ఒకటే, ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసే మనిషి. తమిళనాడులో వాళ్ళ ఊరు కోవిల్‌పట్టిలో మాత్రం ఎవరినడిగినా గురువమ్మాళ్‌కి హిందీ వచ్చినట్టు ఢిల్లీవాళ్ళకి కూడా రాదని ఒట్టేసి చెప్పేవాళ్ళు.

దీనికంతటికీ మూలం ఆమె చిన్నతనంలో బొంబాయిలో గడిపిన మూడేళ్ళు. ఆరేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు తండ్రి తోళ్ళ పనికి ధారావి తీసుకుపోయాడు. పని అచ్చిరాక తొమ్మిదేళ్ళకే వెనక్కి తెచ్చేశాడు. ఆ మూడేళ్ళలో ఆమె నేర్చుకున్న హిందీ ఎంతంటే, కొళాయి దగ్గర తిట్టుకునే తిట్లు, కొట్లో అడిగే నాలుగు సరుకుల పేర్లు, "జరుగు", "నాది ముందు". అంతే. అయినా బొంబాయి చూసొచ్చిన పిల్ల అన్న పేరు ఊళ్ళో ఉండిపోయింది. ఆమె దాన్ని కాదనలేదు. నల్లగా, బక్కగా, ముగ్గురు కూతుళ్ళలో మూడోదిగా పుట్టిన పిల్లకి అంతకుమించి వేరే పేరేమీ లేదు మరి.

పదిహేనో ఏట ఆపీసులో చేరింది. ఆ వైపు అగ్గిపెట్టెల కార్ఖానాను ఆపీసు అంటారు. కుర్చీలూ ఫ్యానులూ ఉంటాయనుకునేరు, ఉండేది పొడవాటి రేకుల షెడ్డు, నేలమీద వరసగా కూర్చున్న ఆడవాళ్ళు, పుల్లలు. గాట్లున్న చెక్కలో ఒక్కో పుల్లా పేర్చాలి, చెక్క మీద చెక్క ఎక్కించి ఫ్రేము నింపాలి, అది మందులో ముంచే చోటికి పోతుంది. ఏడాది తిరిగేసరికి ఆ పనికి కళ్ళు అక్కర్లేదు, వేళ్ళే చేసుకుపోతాయి. చెవులు మాత్రం పొద్దస్తమానం ఖాళీ. అందుకే ఆ వరసలో ఎప్పుడూ ఎవరో ఒకరు కథ చెప్పేవాళ్ళు. చెప్పేవాళ్ళకి చెయ్యి వెనకబడుతుంది కాబట్టి మిగతావాళ్ళు తలా ఒక చెక్క నింపి ఆమె ఫ్రేములో పెట్టేవాళ్ళు. ఎవరూ పెట్టిన నియమం కాదది, ఎప్పటినుంచో ఉన్న మర్యాద.

తొంభై మూడులో ఆదివారాలు పొద్దున పది గంటలకు ఢిల్లీ టీవీలో 'ధ్రువయాన్' అనే సీరియల్ మొదలైంది. ఆకాశంలో తిరిగే ఇనుప ఓడ, గడ్డం ఉన్న కెప్టెన్, కిరసనాయిలు డబ్బాలాంటి తలతో ఒక యంత్రపు మనిషి. వాళ్ళ వీధిలో టీవీ ఉన్నది ఇసక్కిసెల్వి ఇంట్లో ఒక్కచోటే. ఇసక్కిసెల్వి ఆపీసులో అదే వరసలో కూర్చుంటుంది, నోరు పెద్దది, మనసు దానికన్నా పెద్దది. వరసలో ఉన్న పదకొండుమందినీ పిలిచి కూర్చోబెట్టింది. అందరూ నోరు తెరుచుకుని ఆ ఓడను చూశారు. కెప్టెన్ ఏదో గట్టిగా మాట్లాడాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"గురువక్కా, ఏమంటాండాడు?" అంది ఇసక్కిసెల్వి.

పదకొండు తలలు గురువమ్మాళ్ వైపు తిరిగాయి. పుట్టిన తర్వాత అంతమంది ఒక్కసారిగా ఆమె మొహం చూడటం అదే మొదలు. తెలీదని ఒక్క మాట అంటే పోయేది. అనలేకపోయింది.

"ఊరికి తోవ తప్పిపోయిందంట" అంది.

అంతే, ఇరుక్కుపోయింది. మరుసటి వారానికి ఆ కెప్టెన్‌కి ఊళ్ళో వదిలేసి వచ్చిన కూతురుంది. ఆ పై వారానికి యంత్రపు మనిషికి డబ్బాసామి అని పేరు పడింది, ఎవరూ చూడనప్పుడు ఏడుస్తాడని తెలిసింది. ఆదివారం అరగంట చూసింది చాలక సోమవారం నుంచి శనివారం దాకా షెడ్డులో దాన్నే మళ్ళీ చెప్పించుకునేవాళ్ళు. కెప్టెన్ అట్లా ఎందుకు చూశాడు, ఆ తెల్లచీర ఆమె ఎవరు, డబ్బాసామికి ఆకలి వేస్తుందా? గురువమ్మాళ్ అన్నిటికీ జవాబు చెప్పేది. ఆమె ఫ్రేములో చెక్కలు వచ్చి పడేవి. రాత్రికి వేళ్ళు నొప్పి పుట్టేవి కావు, నోరు నొప్పి పుట్టేది.

ఆమె పక్కన కూర్చునేది మూక్కమ్మాళ్. పదేళ్ళు పెద్దది, మొగుడు లేడు, ఒక్కడే కొడుకు. నలుగురిలో నవ్వేది కూడా తక్కువ. కథ వింటున్నంతసేపూ తల ఎత్తేది కాదు గానీ, మొదటి చెక్క ఎప్పుడూ ఆమెదే పడేది.

ఆ కొడుకు తంగపాండి తాయిల్పట్టి దాటాక ఎక్కడో టపాకాయల షెడ్డులో పనికి పోయేవాడు. ఇరవై ఏళ్ళు. మరుసటి ఏడు శివరాత్రి వచ్చే మాసి నెలలో ఆ షెడ్డు పేలిపోయింది. మూక్కమ్మాళ్‌కి చూడటానికి కూడా పెద్దగా ఏమీ మిగల్లేదు. పదహారు రోజుల తర్వాత ఆపీసుకి వచ్చి తన చోట కూర్చుంది. ఏడవలేదు, మాట్లాడలేదు, అన్నం డబ్బా తెరిచి తినలేదు. ఇట్లాగే పోతుందేమోనని అందరికీ భయం పట్టుకుంది. ఆ ఆదివారం చెయ్యి పట్టి లాక్కొచ్చి టీవీ ముందు కూర్చోబెట్టారు.

ఆ వారం కథలో డబ్బాసామి ఒక్కడే కిటికీ దగ్గర నిలబడ్డాడు. బయట చుక్కలు. చాలాసేపు మాట్లాడాడు. అందరూ గురువమ్మాళ్‌ని చూశారు. ఆమె మూక్కమ్మాళ్‌ని చూసింది.

"పోయినోళ్ళు యాడికీ పోలేదంట" అంది. "వాళ్ళ ఎలుతురు బయలుదేరి మన తట్టుకే వస్తానే ఉందంట. దూరం జాస్తి. అందుకే ఇంకా మన కంటికి ఆనలేదంట. వస్తాదంట."

మూక్కమ్మాళ్ అప్పుడు ఏడ్చింది. గోడకి తల ఆనించి గంటసేపు ఏడ్చింది. ఆ తర్వాత లేచి, ఇంట్లో గంజి ఉందా అని ఇసక్కిసెల్విని అడిగింది.  మంచి పని చేశానో పాపం చేశానో గురువమ్మాళ్‌కి ఆ రోజూ తెలియలేదు, ఆ తర్వాతా తెలియలేదు.

సీరియల్ నలభై వారాలకు ఓడ ఊరు చేరకుండానే ఆగిపోయింది. ఢిల్లీవాళ్ళకి ఏం పోయింది, ఆపేశారు. ఆపీసులో ఆపితే ఊరుకుంటారా? గురువమ్మాళ్ ఇంకో నాలుగేళ్ళు నడిపింది. డబ్బాసామి అన్న మాట మాత్రం ఆమె నడపకుండానే నడిచింది. చావు జరిగిన ఇళ్ళకు పోయినప్పుడల్లా మూక్కమ్మాళ్ ఆ మాట చెప్పి వచ్చేది. సాయంత్రం పొయ్యి వెలిగించే ముందు వాకిట్లో నిలబడి కాసేపు పైకి చూసేది.

మిషన్లు వచ్చి చేతిపని తగ్గాక గురువమ్మాళ్, మాడసామి విరుదునగర్ చేరారు. అతను మండీలో మూటలు మోసేవాడు, ఆమె పప్పుమిల్లులో పప్పు బాగుచేసేది. పొట్టు దుమ్ముకి ఊపిరి బరువెక్కింది. నలభై ఐదేళ్ళకే మెట్లెక్కితే ఆయాసం. మిల్లులో ఎవరూ కథలు అడగలేదు. అడిగినా చెప్పే ఓపిక లేదు. కోవిల్‌పట్టి బస్సెక్కితే గంటన్నర దూరమే, అయినా పెళ్ళికో చావుకో తప్ప పోయేది కాదు. పోయినప్పుడు మాత్రం పాత వరస ఆడవాళ్ళు చుట్టూ చేరి కప్పల్ ఏమయింది, అంటే ఆ ఓడ ఏమయింది అని అడిగేవాళ్ళు. ఆ పూటకి ఆమె మళ్ళీ మనిషయ్యేది.

రెండువేల ఆరులో ఒకరోజు పక్కింటివాళ్ళ ఫోనులో ఇసక్కిసెల్వి మాట్లాడింది. ఆనందంతో అరుస్తోంది.

"గురువక్కా, మన ఆకాశ కప్పల్ మళ్ళా వస్తాదంట! అదే కేప్టన్, గడ్డమంతా తెల్లబారింది, మన మాదిరే అయిపోయినాడు పాపం. ముందు పాతదంతా ఏస్తారంట, ఆమీన కొత్తది. పేపర్ల పట్నం మొగోళ్ళు గూడా చిన్నప్పటి ఆదివారాలు తలుసుకోని రాసినారు. ఇంగొకటి సెప్తా ఉండు, అంతా తమిళ్ల మార్చి ఏస్తారంట. నీకింక కష్టం లేదు!"

గురువమ్మాళ్ ఫోను పెట్టేసి పక్కింటి గడప మీదే కూర్చుండిపోయింది. ఆ ఇంటామె మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆమె భయమంతా మూక్కమ్మాళ్ గురించే. మిగతావాళ్ళు నవ్వి పోతారు, తిట్టి పోతారు. మూక్కమ్మాళ్ ఆ మాట మీద పన్నెండేళ్ళు బతికింది.

"పోవద్దులే" అన్నాడు మాడసామి. అన్నిటికీ అతని దగ్గరున్న మందు అదొక్కటే.

పోలేదు. కాలు నొప్పి అంది, మిల్లులో సెలవు లేదంది. వారం వారం ఇసక్కిసెల్వి ఫోను చేసి మరీ చెప్పింది. "ఈళ్ళకి ఏమీ తెలీదు గురువక్కా. కేప్టన్‌కి బిడ్డే లేదంటాండారు! తమిళ్ల మార్చినోడు ఎవడో గానీ వానికి హిందీ రాదు." గురువమ్మాళ్‌కి మొదట నవ్వొచ్చింది. ఆ తర్వాత సిగ్గేసింది. టీవీనైనా నమ్మరు గానీ ఆమెను నమ్మడం మానరట. ఇంత నమ్మకాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

ఆరు నెలలు గడిచాక ఒక శుక్రవారం ఫోనులో ఇసక్కిసెల్వి గొంతు తగ్గించింది. "వచ్చే ఆదివారం ఆ కిటికీ కథ. మూక్కక్కకి కండ్లు సరిగా ఆనవు ఇప్పుడు. డబ్బాసామి నోటినుంచే ఆ మాట ఇనాలని కాసుకోనుంది. నువ్వు రావల్ల."

ఆదివారం పొద్దున్నే గురువమ్మాళ్ బస్సెక్కింది. ముందే మూక్కమ్మాళ్‌ని పక్కకు పిలిచి నిజం చెప్పెయ్యాలనుకుంది. సాత్తూరు దాకా మాటలు కూర్చుకుంది, సాత్తూరు దాటాక అవన్నీ చెదిరిపోయాయి. అలసిపోయింది. ఒక అబద్ధాన్ని ఇన్నేళ్ళు నిలబెట్టడంలో ఎంత చాకిరీ ఉందో ఆ సీట్లో కూర్చున్నప్పుడు తెలిసొచ్చింది.

ఇసక్కిసెల్వి ఇంట్లో ఇప్పుడు రంగుల టీవీ. పదకొండుమందిలో ఏడుగురు మిగిలారు. గురువమ్మాళ్‌ని చూసి లేచొచ్చారు, నెరిసిన జుట్టు చూసి నవ్వారు, చిక్కిపోయావని తిట్టారు. మూక్కమ్మాళ్ అప్పటికే టీవీకి మూరెడు దూరంలో కూర్చుని ఉంది. చెయ్యి చాపి గురువమ్మాళ్ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. చెప్పడానికి సందు దొరకలేదు. దొరికినా చెప్పేదో లేదో.

కిటికీ వచ్చింది, చుక్కలు వచ్చాయి. డబ్బాసామి నిలబడ్డాడు. చక్కటి తమిళంలో మాట్లాడాడు. ఇంధనం మూడు రోజులకే ఉంది, ఎడమవైపు ఇంజను ఆపాలి, ఆపితే చలి పెరుగుతుంది, ఫలానా గదులు మూసెయ్యాలి. గదుల నంబర్లన్నీ చదివాడు. అంతటితో ప్రకటనలు వచ్చాయి.

 ఇసక్కిసెల్వికే ముందు కోపం వచ్చింది. "సూడు, ముక్యమైన మాట మింగేసినారు! పాపిష్టోళ్ళు!" మిగతావాళ్ళూ అందుకున్నారు. మూక్కమ్మాళ్ మాత్రం తెర వైపే చూస్తూ అంది, "నువ్వు సెప్పు గురువా. వాడు ఏమన్నాడు?"

చెప్పడం ఎంతసేపు? రెండు మాటలు. అందరూ ఎదురుచూస్తున్నారు, కావాలంటున్నారు. గురువమ్మాళ్ నోరు తెరిచింది. పక్కనే ఉన్న ఆ ముసలి మొహం చూసింది. ఇంక ఆమెకు చేత కాలేదు.

"వాడు అనలేదక్కా. నాకు హిందీ రాదు. ఆ పొద్దూ రాదు. నువ్వు తినకుండా చచ్చిపోతావని నేనే అంటిని."

ఒకామె నవ్వబోయి ఆగిపోయింది. ఇసక్కిసెల్వి మొహం ముడుచుకుపోయింది. "ఇన్నేండ్లు నీ ఫ్రేముల చెక్క పెడితిమే మేమంతా" అంది. ఎక్కువేమీ అనలేదు, లేచి లోపలికి పోయింది. మిగిలినవాళ్ళు వంటలున్నాయంటూ ఒకరి వెనక ఒకరు కదిలారు. సీరియల్ మళ్ళీ మొదలైంది, దాన్ని చూసేవాళ్ళు లేరు.

మూక్కమ్మాళ్ తల ఇటు తిప్పింది.

"అయితే నా తంగపాండి యాడ?"

అన్నేళ్ళు షెడ్డులో అడిగిన ప్రతి ప్రశ్నకీ గురువమ్మాళ్ దగ్గర జవాబుండేది.

"తెలీదక్కా" అంది.

మూక్కమ్మాళ్ తల ఊపింది. కోపం లేదు, ఏడుపు లేదు. చెయ్యి వదల్లేదు. మెడ వెనక రెండో చేత్తో రుద్దుకుంది.

"పన్నెండేండ్లు పైకి సూసి సూసి మెడ పట్టుకోని పోయింది" అంది. "ఇంక సూసే పన్లేదు."

గురువమ్మాళ్ అప్పుడు ఏడ్చింది. ఊపిరి అందక దగ్గింది, దగ్గుతూ ఏడ్చింది. మూక్కమ్మాళ్ ఆమె వీపు మీద చెయ్యి వేసి దగ్గు తగ్గేదాకా ఉంచింది.

"వచ్చే ఆదివారం రా" అంది. "ఏమీ సెప్పొద్దు. సుమ్మా, ఊరికే నా పక్కన కూసో."

వస్తానంది గురువమ్మాళ్.