బేస్‌మెంట్ నుంచి కిలిమంజారోకి

ఆ రోజుల్లో (మరీ తాతలనాటి మాటేం కాదు, మేం చదువులకని దేశం దాటి వెళ్ళిన హామిల్టన్ సిటీ బస్సుల్లో ఎటు చూసినా మన పిల్లల బ్యాక్‌ప్యాకులే కనిపించిన రోజులు) కాలేజీలో సీటు దొరకడం తేలిక, ఉండటానికి గది దొరకడం కష్టం. అందుకని గది ఇచ్చినవాళ్ళు ఏం చెప్పినా "సరే" అనడం మాకు అలవాటైపోయింది. వాకిట్లో మంచు తీయమంటే సరే, ఆదివారం చర్చికి రమ్మంటే సరే. నేనున్న బేస్‌మెంట్ పై ఇంట్లో కాపురముండే ఆంటీ ఒక సాయంత్రం పప్పు గిన్నె పట్టుకుని మెట్లు దిగొచ్చి, "అమ్మాయ్, కిలిమంజారో ఎక్కుదామా?" అన్నప్పుడు కూడా నా నోటి నుంచి అదే మాట వచ్చింది. అది ఆఫ్రికాలో ఉందని తెలుసు గానీ, ఎంత ఎత్తుంటుందో ఆవిడ పైకి వెళ్ళిపోయాక ఫోన్‌లో చూసుకున్నాను. పప్పు సగంలోనే ఆగిపోయింది.

ఆంటీది నర్సాపురం వైపు. హామిల్టన్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసి అప్పుడే రిటైరయ్యారు. ఇన్నేళ్ళూ ఆసుపత్రి వరండాల్లోనే నడిచాను, ఇక ఒక్కసారైనా పెద్ద కొండ మీద నడవాలని ఆవిడ కోరిక. అంకుల్ మాత్రం ఈ వయసులో తాను మేడ మెట్లు తప్ప మరేవీ ఎక్కనని తేల్చి చెప్పేశారట. తోడుగా ఎవరైనా రావాలి, ఖర్చంతా నేనే చూసుకుంటానన్నారు ఆంటీ. నాకేమో వయసుంది, సెలవులున్నాయి, "వద్దు" అనడం చేతకాని గుణం కూడా ఉంది. హామిల్టన్ మధ్యలో ఉన్న గుట్టను అక్కడివాళ్ళు మౌంటెన్ అనే పిలుస్తారు. రోజూ దాని మెట్లు ఎక్కి, పైన నిలబడి సరస్సునీ స్టీలు ఫ్యాక్టరీల పొగ గొట్టాలనీ చూసి, మేము సగం పర్వతారోహకులమైపోయామనుకున్నాం. బయల్దేరే ముందు ఆదివారం పాస్టర్ గారు మమ్మల్ని ముందుకు పిలిచి ప్రార్థన చేసి, శిఖరం చేరి వచ్చాక సంఘం ముందు సాక్ష్యం చెప్పాలన్నారు. అందరూ శిఖరం కోసం ప్రార్థిస్తుంటే నేను మాత్రం తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో నా స్టడీ పర్మిట్ చూసి లోపలికి రానివ్వమని ప్రార్థించాను.

కిలిమంజారో దగ్గర మా గైడు నెరిసిన గడ్డంతో, నిదానంగా మాట్లాడే మనిషి. ఎవరు కాస్త తొందరగా అడుగేసినా "పోలే పోలే" అనేవాడు. వాళ్ళ స్వాహిలీలో మెల్లగా, మెల్లగా అని అర్థం. మా వరంగల్ వైపు "పోలే" అంటే వెళ్ళలేదని. శిఖరానికి వెళ్ళే దారి పొడుగునా ఒక మనిషి "వెళ్ళలేదు, వెళ్ళలేదు" అంటుంటే నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది. ఈ సంగతి ఆంటీకి చెబితే ఆవిడ నడక ఆపి మరీ నవ్వారు. అప్పటి నుంచి మా ఇద్దరికీ ఆయన పోలే సారు.

మొదట అడవి, కోతులు, సన్నటి వాన. తర్వాత చెట్లు తగ్గి పొదలయ్యాయి, పొదలు పోయి రాళ్ళు మిగిలాయి. ఆ రాళ్ళ దగ్గరే నాకు తలనొప్పి మొదలైంది. తల లోపల ఎవరో రోలు పెట్టి పచ్చడి నూరుతున్నట్టుండేది. ఆంటీ ఇంటి నుంచి తెచ్చిన కందిపొడి డబ్బా మూత తీస్తే చాలు, కడుపులో తిప్పేది. అయినా నోరు విప్పలేదు. ఎన్నేళ్ళుగానో అనుకుంటున్న ఆవిడ కోరిక నా వల్ల చెడిపోతుందేమోనని భయం. ఆంటీ కూడా సరిగ్గా తినడం లేదు. అడిగితే, బరువు తగ్గితే కొండకే మంచిదన్నారు. దారిలో పాడుకునే కీర్తనలు కూడా మానేశారు. ఆయాసం వల్లేమో అనుకున్నాను.

పోలే సారు రోజూ టెంట్ల దగ్గరికి వచ్చి, వేలికి చిన్న క్లిప్పు పెట్టి ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూసేవాడు. వేళ్ళు చల్లబడితే అంకె తగ్గుతుందని ఎవరో చెప్పగా విన్నాను. శిఖరం కింద ఆఖరి క్యాంపులో, ఆయన వచ్చే వేళకి, చొక్కా చేతిలో వేడినీళ్ళ సీసా దాచుకుని టెంట్‌లోకి దూరాను. లోపల ఆంటీ టీ కప్పును రెండు చేతులా బిగించి పట్టుకుని, కళ్ళు మూసుకుని, పొడుగాటి శ్వాసలు తీస్తున్నారు. కళ్ళు తెరిచి మొదట నన్ను, తర్వాత ఉబ్బిన నా చొక్కా చేతిని చూశారు.

"నీకూ తలనొప్పా?"

"మొన్నటి నుంచి ఆంటీ."

"మరి చెప్పవేమే?"

"మీరు ఎక్కాలనుకున్నారు కదా, మీ కోసమని."

"నేను నీ కోసమే ఓర్చుకున్నానే పిల్లా. సరదా పడి వచ్చింది, నా వల్ల ఆగిపోవడం ఎందుకని."

ఇద్దరం నవ్వాం. నవ్వితే తల ఇంకా నొప్పి పుట్టింది, దానికి మళ్ళీ నవ్వొచ్చింది. అంతలో పోలే సారు వచ్చాడు. మా వేళ్ళకి క్లిప్పు పెట్టి అంకెలు చూశాడు. బయటికి రమ్మని, కర్రతో నేల మీద ఒక గీత గీసి, ఒక కాలి మడమకి ఇంకో కాలి వేళ్ళు తగిలేలా దాని మీద నడవమన్నాడు. నేను ఎలాగో నడిచాను. ఆంటీ కొంచెం నడిచి, గీత వదిలేసి పక్కకి ఒరిగిపోయారు. నేను పట్టుకోకపోతే రాళ్ళ మీద పడేవారే. నా నవ్వు ఎటు పోయిందో పోయింది. ఎంతమంది రోగులను చూశారో ఏమో, నాకు సంగతి అర్థమయ్యేలోపే ఆవిడ మొహంలో భయం కనిపించింది. "ఇది వట్టి తలనొప్పి కాదమ్మా," అన్నారు నెమ్మదిగా. "దిగిపోవాలి." పోలే సారు అప్పటికే కూలీలను పిలిచి మా సామాను కట్టించేస్తున్నాడు.

ఆవిడకి ఒక పక్క ఆయన, ఒక పక్క నేను. బయల్దేరిన దగ్గర్నుంచి నేను మనసారా ప్రార్థన చేసింది ఆ దారిలోనే. ఆంటీ బరువు నా భుజం మీద పడినప్పుడల్లా, అంకుల్‌కి ఏం చెప్పాలో మాటలు వెతుక్కున్నాను. కిందికి వచ్చే కొద్దీ గాలి ఒంటికి పట్టింది. రాళ్ళు పోయి పొదలు కనిపించే వేళకి ఆంటీ అడుగులు తిన్నగా పడసాగాయి. మెల్లగా నా చేయి విడిపించుకుని, కాసేపు తనంతట తానే నడిచి, ఒక బండ మీద కూర్చుని, "అమ్మాయ్, ఆకలేస్తోంది. ఆ కందిపొడి ఎక్కడ పెట్టావ్?" అన్నారు. నేను సంచీలో వెతికే వంకతో తల దించుకుని ఏడ్చేశాను. పరీక్షలు పాసైనప్పుడు గానీ, వీసా వచ్చినప్పుడు గానీ నా ప్రాణం అంత తేలికపడలేదు.

తిరిగొచ్చాక ఆదివారం చర్చి నిండిపోయింది. ఆంటీ మైకు ముందుకు వెళ్ళి, దేవుడు మమ్మల్ని పైదాకా తీసుకెళ్ళలేదనీ, కిందికి క్షేమంగా తీసుకొచ్చాడనీ, దానికే స్తోత్రమనీ చెప్పి కూర్చున్నారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది అంకుల్.

ఇప్పుడు నేను హామిల్టన్‌కి గంట దూరంలోని వాటర్లూలో ఉద్యోగం చేసుకుంటున్నాను. కొండ దిగాక పార్కు గేటు దగ్గర దిగిన ఫొటో ఒకటి నా దగ్గర ఉంది. వాచిన మొహాలతో ఇద్దరం, శిఖరం గెలిచొచ్చినట్టు నవ్వుతున్నాం. అందులోని పిల్లను చూస్తే జాలీ వేస్తుంది, ముద్దూ వస్తుంది. ఒక్క "వద్దు" చెప్పలేక మేఘాలు దాటి ఎక్కేసింది పాపం. ఇప్పుడు నాకు "వద్దు" అనడం బాగా వచ్చింది. మీటింగుల్లో, ఫోన్లలో, ఎక్కడైనా తడుముకోకుండా అనేస్తాను. కాకపోతే, పప్పు గిన్నె పట్టుకుని మెట్లు దిగొచ్చి కొండెక్కుదామా అని అడిగేవాళ్ళే ఇప్పుడు లేరు.