బజ్జీల నూనె పోసిన చైను

మా ఇంటి ఆడవాళ్ళు బయట నేల మీద కూర్చోరు. ఈ పట్టింపు ఎప్పుడు మొదలైందో తెలియదు గానీ, మా నాయనమ్మ పెళ్ళికి పోయినా చావుకు పోయినా వెనకాల ఒక మనిషి టేకు పీట మోసుకొని వచ్చేవాడు. తర్వాత పొలాలు పోయాయి. పుంగనూరులోని మా ఇల్లు చేతులు మారి, ఇప్పుడు పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే మండపమైంది. పీట మోసే మనిషి ఎప్పుడో మానేశాడు. పట్టింపు మాత్రం నా దాకా వచ్చింది. అందుకే నలభై రెండేళ్ళ వయసులో మదనపల్లెలో సైకిల్ రిపేరు శిక్షణకు చేరిన మొదటి రోజు, మడత స్టూలు ఒకటి చంకన పెట్టుకొని వెళ్ళాను.

కుప్పంలో ఒక ఆడపిల్లల హాస్టల్ స్కూలు ఉంది. అక్కడి పిల్లల సైకిళ్ళు బాగుచేస్తూ, వాళ్ళకు కూడా ఆ పని నేర్పడానికి ఒక ఆడమనిషి కావాలన్నారు. ఉండడానికి గది కూడా ఇస్తారట. అప్పటికి నేను దూరపు బంధువుల ఇంట్లో ఉంటున్నాను. వాళ్ళు నన్ను ఒక్క మాటా అనరు. అన్నం వడ్డించే తీరులోనే అన్నీ తెలిసిపోతాయి. శిక్షణ ముగించి సర్టిఫికెట్ తెస్తే కుప్పం పని నాదే. చిన్నప్పుడు మా నాన్న సైకిలును దొంగతనంగా విప్పి, మళ్ళీ బిగించి తిట్లు తిన్నదాన్ని. నాకు రాదన్న భయం లేదు.

శిక్షణ ఇచ్చే ఉస్తాదు నలభై ఏళ్ళు సొంత కొట్టు నడిపిన పెద్దాయన. మేము ఎనిమిది మందిమి. అందరూ గోనెసంచుల మీద కూర్చున్నారు, నేను స్టూలు వేసుకున్నాను.

"ఏమ్మా, సినిమా సూడనీకి వచ్చినావా?" అన్నాడు ఉస్తాదు.

"నాకు ఇక్కడి నుంచే కనిపిస్తోంది."

"ఆడి నుంచి నీకు సీటు కనిపిస్తాది. రోగం ఈడ ఉండాది, కింద."

నేను కిందికి దిగలేదు. మరుసటి రోజు ఒక బల్ల సంపాదించి, సైకిలును దాని మీద తలకిందులుగా నిలబెట్టి, నిటారుగా నిలబడి పని చేసుకున్నాను. ఉస్తాదు పగలబడి నవ్వాడు. "అరే, బండిని గూడా దర్బారు ఎక్కించిందిరా ఈయమ్మ!" అన్నాడు గానీ వద్దనలేదు. వంకర పోయిన చక్రాన్ని స్పోకులు బిగించి సరిచేయడంలో ఆ ఎనిమిది మందిలో నా చెయ్యే బాగుండేది. ఇది గొప్పకు చెప్పడం లేదు, ఉస్తాదే అన్న మాట.

చివరి పరీక్ష ఇది. తుప్పు పట్టిన పాత సైకిలు ఒకటి ఇస్తారు. దాన్ని పూర్తిగా విప్పి, కడిగి, బిగించి, మదనపల్లె నుంచి పుంగనూరు దాకా తొక్కుకుంటూ పోవాలి. అక్కడ ఒక స్కూలు మైదానంలో ఉస్తాదు కాచుకొని ఉంటాడు.

"లేటైనా ఏం పర్వాలే. దారిలో సెడిపోయినా పర్వాలే, మీరే బాగు సేసుకోండి. ఇంగొకరి సెయ్యి బండి మీద పడగూడదు. నడిపించుకోని మాత్రం రాగూడదు. మెకానిక్కు తన బండిని తోసుకుంటా పోతే సూసినోళ్ళు ఏమంటారు?" అన్నాడు. తోసుకుంటూ వచ్చినవాళ్ళకు సర్టిఫికెట్ లేదు.

ఊళ్ళన్నిటిలో పుంగనూరే కావాల్సి వచ్చిందా ఆయనకు! సరే, పోతే మర్యాదగా పోదామనుకున్నాను. ఉన్నవాటిలో మంచి జత, మీగడరంగు నూలు చుడీదారు, ఇస్త్రీ చేయించాను. దానికి మరకలు అంటుతాయని సైకిల్ చైనును కిరసనాయిలుతో కడిగి, మళ్ళీ నూనె పెట్టకుండా పొడిగా తుడిచేశాను. సంచిలో కారుతుందేమోనని నూనె సీసాను కూడా అరలోనే వదిలేశాను. మా వాళ్ళంతా ఇలాగే చెడిపోయారు. లోపల ఇరుసు ఎలా ఉన్నా బండికి పైన రంగు వేయించేవాళ్ళు.

పొద్దున్నే బయలుదేరాను. మార్కెట్ యార్డుకు పోయే టమాటా లారీలు ఎదురొస్తున్నాయి. గాలి హాయిగా ఉంది. సగం దూరం వచ్చేసరికి చైను ఎలుకలా కిచకిచమనడం మొదలుపెట్టింది. వినబడనట్టే తొక్కాను. పుంగనూరు బజారులోకి తల ఎత్తుకొనే ప్రవేశించాను. నలుగురు తిరిగి చూశారు, చూడనీ అనుకున్నాను. సరిగ్గా అప్పుడే టక్కుమని చైను ఊడి, వెనక పళ్ళచక్రానికీ ఫ్రేముకూ మధ్య ఇరుక్కుపోయింది. నా అదృష్టం, మండపంగా మారిన మా ఇల్లు ఇంకా రెండు వీధుల అవతల ఉంది.

మైదానం అర కిలోమీటరు కూడా లేదు. తోసుకుంటూ పోతే ఐదు నిమిషాల పని. కానీ పోతే కుప్పం లేదు. బాగుచేయాలంటే నేల మీద కూర్చోవాలి. ఇక్కడ బల్ల లేదు, చుట్టూ మా ఇంటి సంగతి తెలిసిన జనం.

ఎదురుగా బజ్జీల బండి ఆమె గుర్తుపట్టింది. వాళ్ళ అత్త ఒకప్పుడు మా ఇంటికి పాలు పోసేది.

"దొరసానమ్మా! మీరేనా? యాల అట్ల నిలబడిపోయినారు? ఆటోను పిలుస్తా ఉండండి, బండిని పైన ఏసుకోని పోదురు."

"వద్దమ్మా," అని కింద కూర్చున్నాను. మట్టి మెత్తగానే ఉంది.

పక్కన బెంచీ మీద టీ తాగుతున్న ముసలాయన గ్లాసు దించాడు. "ఏందిది! మీ నాయనమ్మ పీట లేకుండా కాలు కింద పెట్టేదే కాదు గదమ్మా."

"పీట మోసే మనిషి ఈరోజు సెలవు పెట్టాడు తాతా."

ముందు ముసలాయన నవ్వాడు, తర్వాత బజారంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

కింద కూర్చుంటే చైనులో రోగం నిజంగానే కనిపించింది. ఒక లంకె ఎండి బిగుసుకుపోయి, మడత విడవకుండా పైకి లేచి ఉంది. సంచిలోంచి పానా తీసి వెనక చక్రం నట్లు వదులు చేస్తుంటే, ఎవరో పాపం సాయానికి వచ్చి హ్యాండిలు పట్టుకోబోయాడు. "ముట్టుకోవద్దు!" అన్నాను. అచ్చం మా నాయనమ్మ గొంతు. ఆయనతో పాటు చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

చైను బయటికొచ్చింది. లంకెను అటూ ఇటూ వంచితే కాస్త కదిలింది. నూనె లేనిదే ఇక కదలదు.

"అమ్మా, కొంచెం నూనె ఉందా?"

"తలకా, బండికా?"

"బండికే."

"నిన్న బజ్జీలు కాల్సిన నూనె ఉండాది. పారబోద్దామనుకుంటాండా. అది సాలునా?" అంటూ గరిటెతో తెచ్చి నా చేతికిచ్చింది. ఒక్కో లంకె మీద బొట్టు బొట్టుగా వేశాను. లంకె మెత్తబడింది. నట్లు బిగించి లేచేసరికి చుడీదారు మోకాళ్ళ నుంచి కింది దాకా నల్లగా ఉంది.

మైదానంలోకి నేనే ఆఖరున చేరాను. ఉస్తాదు లేచి వచ్చి సైకిలు చుట్టూ తిరిగాడు, ముక్కు ఎగబీల్చాడు.

"ఏందమ్మా ఈ వాసన?"

"మిరపకాయ బజ్జీ."

"నీ నూనె సీసా యాడ?"

"మదనపల్లెలో. బట్టలకు అంటుతుందని తేలేదు."

ఆయన నా చుడీదారు వైపు చూశాడు. "ఇప్పుడు అంటలేదులే," అన్నాడు. తర్వాత కిందికి వంగి, పెడలు తిప్పుతూ చెవి పెట్టి విన్నాడు.

"సప్పుడు లేదు. ఎవరి సెయ్యి పడింది దీని మీద?"

"నాది ఒక్కటే. తొక్కుతూనే వచ్చాను."

"అది సూసినాలే. కుప్పం పోయేముందు ఆ చైనును కడిగెయ్. లేకుంటే నీకంటే ముందు చీమలు చేరతాయి ఆడికి."

ఇప్పుడు కుప్పంలో హాస్టల్ షెడ్డు నాది. తెలుగు, తమిళం, కన్నడం కలిపి మాట్లాడే పిల్లలతో పాటు గోనెసంచి మీద కూర్చుంటాను. "మేడమ్, గోడకు ఆనుకోండి," అంటారు వాళ్ళు. ఆనుకోను, ఆ అలవాటు లేదు. పిల్లలు సైకిళ్ళ మీద బయటికి పోయేటప్పుడు నేను మొదట చూసేది నూనె సీసానే.

పుంగనూరు పోయినప్పుడల్లా బజ్జీల బండి దగ్గర ఆగుతాను. "నిన్నటి నూనె ఎత్తిపెట్టినా దొరసానమ్మా, కావాల్నా?" అని అడుగుతుంది ఆమె. సంచిలోంచి నా సీసా తీసి చూపిస్తాను. ఆమె నవ్వుతూ కొంగుతో దులిపి ఒక పీట వేస్తుంది. దాని మీద కూర్చొనే తింటాను. ఎవరైనా పీట వేస్తే కాదనడం మా ఇంట్లో లేదు.